ముందు పుల్ల, తర్వాత గేలం

ఏటి ఒడ్డుకు చేరగానే ముందొక పుల్ల వెతుక్కుంటాను. రెల్లు కాడైనా, తుమ్మ కొమ్మైనా, మూరెడు పొడవుంటే చాలు. నీళ్లు ఇసుకను తాకే చోట, సరిగ్గా ఆ తడి అంచున నిలువుగా గుచ్చి, నీటిమట్టం దగ్గర గోటితో గాటు పెడతాను. ఆ తర్వాతే భుజం మీది సంచీ దించడం, గేలం విప్పడం. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దిగువన చలికాలంలో గేలం వేద్దామనుకునేవాళ్లు ఎవరడిగినా మొదట ఈ పుల్ల సంగతే చెబుతాను. చేప పడే ఉపాయాలన్నీ దాని తర్వాతే.

ఎందుకో చెప్పాలంటే కాస్త లెక్కలోకి వెళ్లాలి. బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు, గేట్లు 70. ఎగువన దుర్గమ్మ కొండ కింద నుంచి నీళ్లు సముద్రంలా పరుచుకుని కనిపిస్తాయి. కానీ 57.05 అడుగుల మట్టానికి నిండుగా పెట్టినా అందులో నిలిచేది 3.07 టీఎంసీలే. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. అంటే ఆ పాటి ప్రవాహం మూడు రోజులు వస్తే చాలు, ఖాళీ బ్యారేజీ దాదాపు నిండిపోతుంది. ఒకసారి నిండాక పైనుంచి వచ్చింది వచ్చినట్టు కాలవలకో, కిందికో వదలాల్సిందే. దాచుకునే చోటు లేదు. పైన పులిచింతల జలాశయం ఉంది, 45.77 టీఎంసీలది. అక్కడి 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం తిరిగినప్పుడల్లా నీళ్లు ఇటు బయల్దేరతాయి. పులిచింతలకూ బ్యారేజీకీ మధ్య మున్నేరు వచ్చి కలుస్తుంది కాబట్టి ఖమ్మం వైపు వాన పడినా ఇక్కడి ఏరు మారుతుంది. డిసెంబరు కదా, ఏరు పడుకునే ఉంటుందిలే అనుకోవడానికి వీల్లేదు. 2023లో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే.

మామూలు చలికాలంలో గేట్లన్నీ దించే ఉంటాయి. వచ్చిన నీళ్లు ఇటు బందరు, ఏలూరు, రైవస్ కాలవలకు, అటు పశ్చిమ డెల్టా కాలవలకు వెళ్లిపోతాయి. దాళ్వా ఉంది, మినుముంది, ఊళ్ల మంచినీళ్ల చెరువులున్నాయి, వాటికి కావాలి. దిగువన మిగిలేది గేట్ల సందుల్లోంచి కారేవి, ఇసుకలోంచి ఊరేవి. ఆ కాసిని నీళ్లే తిన్నెల మధ్య పాయలుగా సాగి, వరద కోసిన గోతుల్లో మడుగులుగా నిలుస్తాయి. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు దూకి, కొట్టుకొచ్చిన పడవలు గేట్ల కౌంటర్‌వెయిట్లను గుద్దిన ఏరు ఇదేనా అనిపిస్తుంది. చీలమండ లోతు పాయ దాటి తిన్నె మీదికి నడిచి వెళ్లొచ్చు. ఆ సులువులోనే ప్రమాదమంతా ఉంది.

చాలా ఏళ్ల కిందట ఒక జనవరి ఉదయం నేను పుల్ల గుచ్చలేదు. తిన్నె కొసన కూర్చుని బెండు మీదే చూపు పెట్టాను. ఎదుటి పాయలో పెద్ద తేడా కనపడలేదు. వెనక, నేను నడిచొచ్చిన పాయ నిండింది. లేచి చూసేసరికి చీలమండ లోతు తొడల దాకా వచ్చింది, అడుగు వేస్తే కింద ఇసుక కదిలిపోతోంది. కర్ర, బుట్ట వదిలేసి చేతులు చాపుకుని దాటాను. గేటు ఎత్తుతారని ఎవరూ చెప్పలేదని చాలాకాలం బాధపడ్డాను. ఇప్పుడు నా సంచీలో ఏమున్నా లేకున్నా, పుల్ల గుచ్చకుండా మాత్రం కూర్చోను.

ఇక గేలం సంగతి. పని ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది.

కర్ర సన్న వెదురుది. నిలువున్నర ఎత్తు, కొస చూపుడువేలి కంటే సన్నగా ఉండి, ఊపితే కొస ఒక్కటే వణకాలి. నడుం దగ్గర వంగే కర్ర వేసవిలో బొచ్చెకు పనికొస్తుంది గానీ చలికాలంలో అక్కర్లేదు. దారం నైలాన్‌ది, 0.18 మిల్లీమీటర్లు. దుకాణంవాడు ఇంకా లావుది ఇస్తానంటాడు, తెగదంటాడు. వద్దనాలి. వరద తగ్గి రెండు నెలలు గడిచేసరికి ఒండ్రు దిగిపోయి నీళ్లు తేటపడతాయి. రెండు మూరల లోతులో ఇసుక గీతలు కూడా కనిపిస్తాయి. మనకు ఇసుక కనిపిస్తే చేపకు దారం కనిపిస్తుంది. ముల్లు 10 నంబరుది లేదా 12ది. ఈ నంబరు పెరిగినకొద్దీ ముల్లు చిన్నదవుతుంది, కొత్తవాళ్లు తిరగేసి కొంటుంటారు.

ముల్లు కట్టే ముడి ఒక్కటి వస్తే చాలు. దారాన్ని ముల్లు కంటిలోంచి పోనిచ్చి, అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, కొసను వెనక్కి తెచ్చి కంటి పక్కనున్న మొదటి సందులోంచి దూర్చాలి. బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి నైలాన్ అక్కడే బలహీనపడుతుంది. పెద్ద చేప తప్పించుకుపోయినప్పుడు దారం కొస చూడండి, చుట్లు చుట్టుకుని పిలకలా ఉంటే తప్పు ముడిదే.

బెండు దగ్గర మాత్రం తొందరపడకూడదు. చలికాలపు గేలమంతా బెండులోనే ఉంది. బజారులో దొరికే ఎర్ర ప్లాస్టిక్ గుండ్లు ఈ కాలం చేపకు చాలా బరువు. జీలుగ బెండు మంచిదే, కానీ నీళ్లు పీల్చుకుంటుంది. నేను రాలిన నెమలి ఈక వాడతాను. కన్నున్న వైపు వదిలేసి, మొదలు వైపు తెల్లగా నున్నగా ఉండే కాడలో బెత్తెడు ముక్క కోసుకుంటాను. బ్లేడుతో పక్క నూగు గీకేసి, కోసిన రెండు చివర్లూ కరిగిన కొవ్వొత్తి మైనంలో ముంచి మూసేస్తాను. లోపల బెండులాంటి గుజ్జు ఉంటుంది, అదే తేలుస్తుంది. పై కొస అర అంగుళం ఎర్రగా, మా ఇంట్లోవాళ్ల గోళ్లరంగే. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు రెండు సన్నటి ఉంగరాల్లా కోసి, వాటితో కాడను దారానికి బిగిస్తే కావలసినప్పుడు పైకీ కిందికీ జరుపుకోవచ్చు.

తర్వాత బకెట్టు నిండా నీళ్లు పెట్టుకుని తూకం చూడాలి. ముల్లుకు జానెడు పైన దారానికి సీసం రేకు చిన్న ముక్క చుట్టి ముంచితే కాడ నిలబడుతుంది, కానీ ఎర్ర కొస అంతా పైనే ఉంటుంది. ఇంకో ముక్క చుట్టాలి. ఇంకా పైనే ఉంటే ఇంకో చిన్నది. ఎర్ర రంగులో బియ్యపుగింజంత మాత్రమే నీళ్ల పైన మిగిలి, మీద ఒక నీటి చుక్క వేస్తే మునిగి మళ్లీ లేచేలా ఉండాలి. ఈ పని నేను గంటసేపైనా చేస్తాను. చలికి మందగించిన శీలావతి ఎరను ఈడ్చుకుపోదు. పెదవులతో అందుకుని, రుచి చూసి, నచ్చకపోతే ఊదేస్తుంది. లావు బెండు కింద ఇదంతా జరిగిపోయినా మనకు తెలియదు.

ఎర విషయంలో వేసవి అలవాట్లు మానుకోవాలి. వేసవిలో తవుడు, వేరుశనగ చెక్క, గోధుమపిండి కలిపి నిమ్మకాయంత ఉండలు చేసి, నాలుగైదు నీళ్లలోకి విసిరి చేపల్ని పిలుస్తాం. చేప ఒంట్లో వేడి నీళ్లను బట్టే ఉంటుంది. నీళ్లు చల్లబడితే అరుగుదల నిదానిస్తుంది, ఆకలి తగ్గుతుంది. ఆ ఉండలన్నీ వేస్తే వాటితోనే కడుపు నింపుకుని ముల్లు జోలికి రాదు. కాబట్టి దోరగా వేయించిన తవుడు గుప్పెడు, నీళ్లలో పడగానే విడిపోయేంత వదులుగా ముద్ద చేసి, ఒక్కసారే వేయాలి. వాసన వెళ్లాలి, తిండి వెళ్లకూడదు. ముల్లుకు ఎర్ర కడతాను, అదే వానపాము. కాలవ గట్టు మీద అరటి బోదెల కింద తవ్వితే ఈ కాలంలోనూ దొరుకుతాయి. మొత్తం ఎర్ర గుచ్చక్కర్లేదు, గోరంత ముక్క చాలు. దారం సన్నం, ముల్లు చిన్నది, ఎర చిన్నది, బెండు తేలిక. ఈ నాలుగింట్లో ఒక్కటి లావైనా మిగతా మూడూ దండగ.

తెల్లారకముందే వెళ్లి కూర్చోవాలన్నది కూడా వేసవి అలవాటే. విజయవాడలో జనవరిలో పొద్దు పొడిచేదే ఆరూ నలభై ప్రాంతంలో. తెల్లవారుజామున 18, 19 డిగ్రీలకు దిగిన గాలి మధ్యాహ్నానికి మళ్లీ 30 దగ్గరికి పోతుంది. మంచు విడి, ఎండ ఇసుక మీద పడి, లోతు తక్కువ నీళ్లు కాస్త వెచ్చబడేదాకా చేప మడుగు అడుగునే ఉంటుంది. మొదట్లో నేను ఐదింటికే వెళ్లి వణుకుతూ కూర్చునేవాణ్ని. వల దులుపుకుంటూ పక్కన వచ్చి నిలబడ్డ కృష్ణలంక బాబాయొకాయన చూసి, "ఎండెక్కనీరా అబ్బాయ్, చేపకి మాత్రం చలెయ్యదా?" అన్నాడు. తొమ్మిది తర్వాత వెళ్లడం ఆయన నేర్పిందే. ఆయనలాంటి వాళ్లకు ఈ నీళ్లే బతుకుతెరువు. వాళ్లు వల వేసే మడుగులో మనం గేలం వేసేముందు ఒకమాట అడగాలి. "ఇక్కడ కూచోమంటావా బాబాయ్?" అంటే ఇంతవరకూ కాదన్నవాళ్లు లేరు, పైగా ఇంకా మంచి చోటు చూపించారు.

చోటు ఎంచుకోవడానికి ఆత్రపడకుండా పావుగంట నిలబడి నీళ్లను చూడాలి. గేట్ల కింద, కారే నీళ్లు తెల్లగా నురగలు కక్కే చోట చేప ఎక్కువ ఉంటుంది, అది నిజమే. నురగలో గాలి కలుస్తుంది, పైగా ఎదురీదుతూ వచ్చిన చేపకు అంతకు మించి దారి లేదు. 1855లో ఇక్కడ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ సముద్రం నుంచి ఏటికెక్కే పులస జాతికి కృష్ణలో ఇదే గోడ. 1952లో ఆనకట్టకు గండి పడింది, 1957కి బ్యారేజీ వచ్చింది, చేపకు దారి మాత్రం రాలేదు. అలా చేప గుమిగూడే చోటని తెలిసినా గేట్ల దగ్గరికి నేను వెళ్లను, ఎవర్నీ వెళ్లనివ్వను. కింద కాంక్రీటు పాచిపట్టి ఉంటుంది, గేటు ఒక్క అడుగు లేచినా పరుగెత్తడానికి కాలు నిలవదు. వారధి దాటి యనమలకుదురు వైపు వస్తే మడుగులు చాలినన్ని ఉన్నాయి.

మడుగును పిట్టలు చూపిస్తాయి. తెల్లకొంగ అడుగులో అడుగేస్తున్న అంచున పరిగెలున్నట్టు. నీటికాకి మునిగి చాలాసేపటికి గానీ తేలకపోతే అక్కడ లోతుంది. లకుముకి పిట్ట ఒకే రెల్లు కాడ మీదికి మళ్లీ మళ్లీ వచ్చి వాలుతుంటే ఆ కింద నీళ్లలో ఏదో కదులుతోంది. గుర్రపుడెక్క చాపలా పేరుకున్న చోట నీడలో కొరమేను ఉండొచ్చు గానీ దారం చిక్కుకుంటుంది, ఆ చాప అంచుకు బారెడు ఇవతల వేయాలి. పాయ వచ్చి మడుగులో కలిసే మూలన, పారే నీళ్లకూ నిలిచిన నీళ్లకూ మధ్య నురగ గీతొకటి ఏర్పడుతుంది. కొట్టుకొచ్చే తిండంతా ఆ గీత వెంటే వస్తుంది. నేను కూర్చునేది అక్కడ, ఎండ వీపు మీద పడకుండా, నా నీడ నీళ్ల మీదికి పోకుండా.

ఎర గుచ్చకముందు ముల్లుకు చిన్న సీసం ముద్ద కట్టి లోతు కొలవాలి. బెండు మునిగిపోతే పైకి జరపాలి, పడుకుంటే కిందికి. ఎర నేలకు బెత్తెడు పైన వేలాడేలా కుదిరాక సీసం తీసేసి, తవుడు ముద్ద నురగ గీతకు కాస్త ఎగువన వేసి, పది నిమిషాలు చేతులు కట్టుకు కూర్చోవాలి. గేలాన్ని విసిరినట్టు కాకుండా ఉయ్యాల ఊపినట్టు ముందుకు పోనిచ్చి వదలాలి. చప్పుడు కాకూడదు. బెండు లేచి నిలబడి, వణికి, కుదురుకుంటుంది. అక్కణ్నుంచి మనకీ లోకానికీ సంబంధం ఆ బియ్యపుగింజంత ఎరుపే.

చలికాలంలో బెండు గభాలున మునగదు. ఒకసారి అరగింజ కిందికి దిగి ఆగుతుంది. లేదా ఉన్నట్టుండి గింజంత పైకి లేస్తుంది. ఎరను అందుకున్న చేప తల ఎత్తితే సీసం బరువు తగ్గి బెండు లేస్తుందన్నమాట. లేచినప్పుడు కూడా కొట్టాలని తెలియడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. కొట్టడమంటే కర్ర ఝాడించడం కాదు, మణికట్టు తిప్పితే చాలు. 0.18 దారం అంతకంటే ఓర్చుకోదు. తగిలాక కర్ర కొస పైకెత్తి ఉంచి, చేప ఎటు లాగితే అటు చేయి పోనివ్వాలి. అలిసి పక్కకు తిరిగాకే ఒడ్డుకు రానివ్వాలి.

ఇంకో గేలం కూడా నా సంచీలో ఉంటుంది, ఎర అక్కర్లేనిది. పాశ్చాత్య దేశాల్లో దాన్ని ఫ్లై అంటారు. ముల్లు మీద దారంతో, ఈకలతో పురుగు ఆకారం కట్టి నీళ్ల మీద వాలుస్తారు. అమెరికాలో పెద్ద పెద్ద డ్యాముల దిగువన మంచులో నిలబడి ట్రౌట్ చేపలకు అలాగే వేస్తారు. అక్కడ డ్యాము అడుగు నుంచి వదిలే నీళ్లు వేసవిలో చల్లగా, శీతకాలంలో గడ్డకట్టకుండా ఉంటాయి కాబట్టి ట్రౌట్ బతుకుతుంది. మన బ్యారేజీ పొట్టిది, పై నీళ్లకూ కింది నీళ్లకూ వేడిలో అంత తేడా ఉండదు. ట్రౌట్ ఇక్కడ లేదు, నీలగిరుల్లాంటి చోట్ల తెల్లవాళ్లు వదిలిందే. అయినా మన దేశపు ఏళ్లలో గేలం వేయడం మీద మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సలివన్ థామస్ 1873లోనే 'ద రాడ్ ఇన్ ఇండియా' అని పెద్ద పుస్తకం రాశాడు. నాకు నచ్చింది మాత్రం జపాన్ కొండవాగుల పద్ధతి, తెన్‌కారా. రీలు ఉండదు. పొడవాటి కర్ర, కొసన కట్టేసిన దారం, చివర ఈక. మన గేలం కర్ర ఉన్నదున్నట్టు దానికి సరిపోతుంది.

ఫ్లైకి లోకమంతా ఎక్కువగా వాడేది కోడిపుంజు మెడ ఈకలే. వాటికి కృష్ణా డెల్టాలో కరువా? సంక్రాంతి ముందు ఏ తోటకు వెళ్లినా డేగ, కాకి, నెమలి, పర్ల, రసంగి అని రంగుకొక పేరుతో పుంజులు కట్టేసి ఉంటాయి. పందెం సంగతి నాకు పట్టదు, రాలిన ఈకలు అడుగుతాను. ఎర్రటి డేగ మెడ ఈక ఒకటి తీసుకుని మొదట్లో మెత్తటి నూగు పీకేయాలి. 12 నంబరు ముల్లును పట్టకారుతో బిగించి పట్టుకుని, కాడ పొడవునా నల్లదారం వరస తప్పకుండా చుట్టాలి. నెమలి ఈక పక్క పోగులు రెండు కలిపి వెనక నుంచి ముందుకు చుడితే మెరిసే పచ్చటి పొట్ట తయారవుతుంది. బెండుకు కాడ ఇచ్చిన ఈకే దీనికి ఒళ్లు కూడా ఇస్తుంది. కంటికి కాస్త వెనక డేగ ఈకను మొదలు దగ్గర కట్టి, కొస పట్టుకుని ముల్లు చుట్టూ మూడు చుట్లు తిప్పితే పోగులు చక్రంలా విచ్చుకుంటాయి. దారం బిగించి, ముడి మీద గోళ్లరంగు చుక్క వేయాలి. అరచేతిలో పెట్టుకుని ఊదితే కాళ్లు విదిల్చే దోమలా కదులుతుంది.

ఇది వేయాల్సింది పన్నెండు దాటాక. ఎండకు నీటి పురుగులు లేచి, పాయలో సన్నటి అలల మీద పరిగెలు తళుక్కున మెరుస్తూ ఎగురుతుంటాయి. అలకు ఎగువన ఈకను వాల్చి, దారం నీళ్లను తాకకుండా కర్ర కొస ఎత్తి, వదిలేసిన ఆకులా రానివ్వాలి. వేలెడు చేప వచ్చి టక్కున అందుకుంటుంది. అంత చిన్న కుదుపు మోచేతి దాకా వస్తుంది. వాటిని నేను ఉంచుకోను. చేయి నీళ్లలో తడిపి పట్టుకోవాలి, పొడి చేతికి దాని ఒంటి జిగురు అంటుకుపోతుంది. ముల్లు తిప్పి తీసి, తల ఎగువకు పెట్టి వదిలితే ఒక్క క్షణం వేళ్ల మధ్య నిలబడి పోతుంది. జానెడు దాటని శీలావతినీ ఇలాగే వదిలేస్తాను, అది ఇంకా ఒక వానాకాలం కూడా గుడ్లు పెట్టి ఉండదు.

మొన్న పుష్యమాసపు ఆదివారం రెండు శీలావతులు, ఒక జెల్ల పడ్డాయి. నాలుగోది ముట్టి బెండు గింజంత లేచింది. చేయి తిప్పబోతూ అలవాటుగా పుల్ల వైపు చూశాను. గాటు కనిపించలేదు. నీళ్లు తేటగానే ఉన్నాయి, చప్పుడేమీ లేదు, కొంగలు కదల్లేదు. నురగ గీత మాత్రం నా ముందు నుంచి బారెడు అవతలికి జరిగింది, దాని మీద ఎండు రెల్లు తుంపులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. దారం కర్రకు చుట్టి, బుట్ట తీసుకుని లేచాను. పొద్దున చీలమండ తడిపిన పాయ పిక్కల దాకా వచ్చింది. తిన్నె అవతలి కొసన ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని ఉంటే, "తమ్ముడూ, నీళ్లొస్తున్నాయ్, లేవండి" అని కేకేశాను. ఒకడు లేచి, పాయ వైపు చూసి, రెండోవాడి చేయి పట్టుకు లాగాడు. ముగ్గురం గట్టెక్కి వెనక్కి తిరిగి చూసేసరికి పుల్ల కొస కూడా మునిగిపోయింది.